ముందు మీరే చెప్పాలి

ఆ వేసవి సెలవుల్లో మా ఇంట్లో అవ్వాల్సిన పనులు ఇవి. వంటింటి కప్పులో చిల్లు పడ్డ రేకు మార్పించాలి. అమ్మ కళ్ళజోడుకి కొత్త అద్దాలు వేయించాలి. డిగ్రీ ఫలితాలు వచ్చేలోపు నేను కంప్యూటరు మీద టైపు చేయడం నేర్చుకోవాలి. అక్క తన మధ్యాహ్నం డ్యూటీని పొద్దుటికి మార్చమని సూపర్‌వైజరుని అడగాలి. బావ లారీ ఈ వైపు వచ్చినప్పుడు ఆయన్ని పట్టుకుని బడి కాగితాల మీద సంతకాలు పెట్టించాలి. అన్నిటికంటే ముఖ్యంగా, బడులు తెరిచేలోపు బొంగరానికి ఇంగ్లీషులో ఎ, ఆన్, ది ఎక్కడ పెట్టాలో, ఎక్కడ పెట్టకూడదో వచ్చేయాలి.

ఈ చివరి పని నా మీద పడింది. మా ఇంట్లో డిగ్రీ మెట్టెక్కిన మొదటి మనిషిని నేనే. అందుకని మా వాళ్ళ దృష్టిలో ఇంగ్లీషంటే నేను, నేనంటే ఇంగ్లీషు. కరెంటు ఆఫీసు నుంచి వచ్చిన చీటీ అయినా, మందు సీసా మీది చిన్న అక్షరాలైనా ముందు నా చేతికి రావాల్సిందే.

బొంగరం మా అక్క కూతురు. అప్పుడే మూడో తరగతి అయింది. ఏదైనా అడిగితే వెంటనే జవాబు చెప్పే పిల్ల కాదు. కుడి మడమ మీద ఒక చుట్టు తిరిగి, నిలదొక్కుకుని, అప్పుడు నోరు తెరిచేది. కొన్నిసార్లు చుట్టు తిరగడమే గానీ మాట ఉండేది కాదు. ఆ పేరు పెట్టింది మా నాన్న.

అది చదువుతున్న చిన్న బడి ఆ ఏడు మూతబడింది. నడిచి వెళ్ళగలిగే దూరంలో మిగిలింది ఒక్కటే బడి, అదీ ఇంగ్లీషు మీడియం. అక్కడ సీటు రాకపోతే బొంగరం వాళ్ళ మేనత్త ఊరికి వెళ్ళి చదువుకోవాలి. పొద్దున బస్సెక్కితే చీకటి పడ్డాక దిగే ఊరది. ఆసుపత్రి లాండ్రీలో ఉద్యోగం వదులుకుని అక్క దానితో వెళ్ళడం కుదరదు. బావ ఏ రోజు ఏ ఊళ్ళో ఉంటాడో ఆయన లారీకే తెలియాలి. అంటే పిల్ల ఒక్కతే వెళ్ళాలి. ఆ మాట ఇంట్లో ఎవరూ పూర్తిగా అనేవాళ్ళు కాదు. "సీటు రాకపోతే..." అని ఆపేసి వేరే పనిలో పడేవాళ్ళు.

బడికి దరఖాస్తు ఇవ్వడానికి బొంగరాన్ని తీసుకుని అక్కా నేనూ వెళ్ళాం. బొంగరం చేత అక్కడే ఒక కాగితం రాయించారు. ఆఫీసు గదిలో క్లర్కు ఆ కాగితాన్ని వేళ్ళతో అటూ ఇటూ తిప్పి చూసింది.

"స్పెల్లింగులు బాగానే ఉన్నాయి. ఆర్టికల్స్ మాత్రం ఒక్కటంటే ఒక్కటి లేదు. 'బాయ్ ఈజ్ సిట్టింగ్ ఆన్ చైర్.' ఎవరా బాయ్, ఎక్కడి చైర్?"

"మన భాషలో అవి ఉండవు కదండీ, అందుకని..." అన్నాను.

"మన భాషలో ఫీజు కూడా లేదమ్మా. కడుతున్నారుగా."

అక్క నవ్వాలో వద్దో తెలియక నా వైపు చూసింది. క్లర్కు మెత్తబడి అసలు సంగతి చెప్పింది. బడి తెరిచే ముందు ఒక టీచరుగారు పిల్లల్ని ఒక్కొక్కరినీ పిలిచి మాట్లాడిస్తారు. ఒక బొమ్మ చూపిస్తారు. అందులో ఏముందో పిల్ల ఇంగ్లీషులో చెప్పాలి. చెబితే సీటు. "ఈలోగా ఎవరైనా కూర్చోబెట్టి నేర్పించండి," అని ముగించింది.

దారిలో అక్క అడిగింది. "ఏమే, ఆ ఆర్టికల్స్ అనేవి ఎన్ని ఉంటాయి?"

"మూడు."

అక్క నడక ఆపేసింది. "మూడేనా? మూడు మాటల కోసం నా కూతుర్ని ఊరు దాటిస్తారా?"

"మూడే గానీ అవి అన్నిచోట్లా దూరతాయక్కా."

"అయితే నువ్వు కూడా దూరు. దాని పక్కనే కూర్చో. సెలవులయ్యేదాకా లేవకు," అంది అక్క. అని బొంగరం చేయి మరికాస్త గట్టిగా పట్టుకుంది.

*

ఇంట్లో పాఠం మొదలుపెట్టాను. నేను కాలేజీలో బట్టీ పట్టినవన్నీ వరసగా చెప్పాను. ఒకటే ఉన్నప్పుడు ఎ. అచ్చుల చప్పుడు ముందు ఆన్. ముందే చెప్పుకున్నదాని గురించి మళ్ళీ చెప్పేటప్పుడు ది. బొంగరం శ్రద్ధగా తలూపేది. తలూపడం అయ్యాక ఒక వాక్యం చెప్పమంటే మడమ మీద తిరిగేది. నేను పెన్సిలుతో బల్ల మీద కొట్టేదాన్ని. "ఎ? ఆన్? ది? ఏది? త్వరగా."

కొన్నాళ్ళకి ఒక మార్పు వచ్చింది. ఇంగ్లీషులో ఎక్కడా పెట్టని పిల్ల ఇంట్లో అన్నిచోట్లా పెట్టడం మొదలుపెట్టింది.

"ది అమ్మమ్మా, ఎ అన్నం పెట్టు."

అమ్మకి ఇది తెగ నచ్చింది. బియ్యం ఏరుతూ తనూ అందుకుంది. "ఎ అన్నం లేదే. పొద్దుటి ది అన్నం ఉంది, తింటావా? ఏమే చిన్నదానా, నాకున్నది ఒక్కడే అల్లుడు. ఆయనకి ఏం తగిలించాలి?"

"ఒక్కడే కాబట్టి ది," అన్నాను విసుగ్గా.

"అయితే ఆ ది అల్లుడుగారికి ఫోను చేసి, ఇంటి వైపు ఒకసారి రమ్మని చెప్పు. మొహం మర్చిపోతున్నాం."

ఫోనులో బావ గొంతు లారీ చప్పుడులో కలిసిపోయి వినిపించింది. "దాన్నంత కష్టపెట్టకండి. సీటు రాకపోతే రాలేదు, మా అక్క ఇల్లేమన్నా అడవా? చక్కగా చూసుకుంటుంది."

"చూసుకుంటుంది," అంది మా అక్క. "నేనే చూసుకోలేను, దూరం నుంచి." ఫోను నా చేతికిచ్చేసి, ఆసుపత్రి యూనిఫాం మడత పెట్టుకుంటూ లోపలికి వెళ్ళింది.

రేకుల ఇల్లు కావడంతో పొద్దెక్కేసరికి లోపల పెనం మీద కూర్చున్నట్టు ఉండేది. చెమటకి పుస్తకంలో అక్షరాలు బొంగరం మోచేతికి అంటుకునేవి. నాన్న రెండు మూడు రోజులు చూశాడు. ఒక పొద్దున చెప్పులేసుకుంటూ అన్నాడు.

"నా గదిలో ఫ్యానుంది. మందం గోడలు. ఇద్దరూ అక్కడికి రండి. చదువు ఎక్కడైనా చదువే."

*

నాన్న బస్‌స్టేషన్లో పనిచేసేవాడు. ప్రయాణికులు బస్సుల్లో మరిచిపోయిన వస్తువులు దాచే గది ఆయనది. జనం దాన్ని పోయిన సామాన్ల గది అనేవాళ్ళు. నాన్న ఒప్పుకునేవాడు కాదు.

"పోయినవి వాళ్ళకి. మన దగ్గరున్నవన్నీ దొరికినవే. ఇది దొరికిన సామాన్ల గది," అనేవాడు.

నేను చిన్నప్పుడెప్పుడో ఒకసారి వెళ్ళడమే గానీ, ఆ గదిని సరిగ్గా చూసింది ఆ వేసవిలోనే. ముందు చెక్క కౌంటరు, వెనక నేల నుంచి కప్పు దాకా అరలు. ఒక అర నిండా గొడుగులు, తల కిందులుగా వేలాడే గబ్బిలాల్లా. చేతికర్రలు, హెల్మెట్లు, ఒంటి చెప్పులు, ప్రెషర్ కుక్కర్ మూత, ఎక్స్‌రే కవర్లు, ఎవరిదో పళ్ళ సెట్టు, పెళ్ళి ఫోటో ఒకటి, అందులో పెళ్ళికొడుకు మొహం మీద గాజు పగిలి ఉంది. ప్రతి వస్తువుకీ దారంతో కట్టిన చీటీ. ఏ బస్సు, ఏ సీటు కింద, ఏ రోజు.

బొంగరం అరల ముందు నిలబడి చాలాసేపు చుట్టూ తిరిగింది. ఆ రోజు దాన్ని నేను కసరలేదు. నేను కూడా తిరుగుతూనే చూశాను.

కౌంటరు దగ్గర నాన్నకి ఒక పద్ధతి ఉండేది. ఎవరైనా వచ్చి "నా గొడుగు పోయిందండీ" అంటే, ఆ గొడుగు కళ్ళ ముందే ఉన్నా సరే, ఆయన వెనక్కి తిరిగి చూసేవాడు కాదు. ఉందని గానీ లేదని గానీ అనేవాడు కాదు. చేతులు కౌంటరు మీద పెట్టుకుని అడిగేవాడు.

"ఏ రంగు?"

"నలుపండీ."

"గొడుగులన్నీ నలుపే బాబూ. పిడి సంగతి చెప్పండి."

వాళ్ళు చెప్పిందల్లా చీటీతో సరిపోయాకే ఆయన లేచేవాడు. సంతకం పెట్టించుకుని వస్తువు చేతికిచ్చేవాడు. సరిపోకపోతే, "ఇంకా రాలేదు. అవతలి డిపోల నుంచి సామాను సోమవారం వస్తుంది. సోమవారం రండి," అని పంపేవాడు. ఎవరితోనైనా అదే గొంతు, అదే మర్యాద.

మేం వెళ్ళిన తొలి వారంలోనే బొంగరం ఈ పద్ధతిని ఒకసారి తప్పింది. నాన్న టీ తాగడానికి బయటికి వెళ్ళాడు, నేను కిటికీ దగ్గర నోట్సు రాసుకుంటున్నాను. ఇస్త్రీ చొక్కా వేసుకున్న ఒకాయన వచ్చి కౌంటరు మీదికి వంగి, "పాపా, బ్యాగేమన్నా దొరికిందా?" అన్నాడు.

దానికి సంతోషం వేసింది కాబోలు. ఒక్క చుట్టు కూడా తిరగకుండా చెప్పేసింది. "ఎర్ర బ్యాగా? జిప్పుకి తాళం ఉంటుంది, అదేనా? ఉంది."

"అదే, అదే. ఎర్ర బ్యాగు, జిప్పుకి తాళం. నాదే."

అప్పటికే నాన్న టీ గ్లాసుతో గుమ్మంలోకి వచ్చాడు. ఏమీ వినకపోయినట్టే అడిగాడు. "తాళం చెవి తెచ్చారా అండీ?"

"అది... ఇంట్లో ఉందండీ."

"లోపల ఏమున్నాయి?"

"బట్టలు."

"ఎవరివి?"

ఆయన చేతి గడియారం చూసుకుని, తెచ్చుకుంటాను తాళం చెవి అని వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు. సాయంత్రం ఒక అమ్మాయి ఏడుపు మొహంతో వచ్చి, బ్యాగులో ఉన్న పసిపిల్ల బట్టలు, బొమ్మ, మందులు అన్నీ పేరు పేరునా చెప్పి తీసుకెళ్ళింది. తాళం చెవి ఆవిడ మెడలోనే ఉంది.

ఆ అమ్మాయి వెళ్ళాక బొంగరం మొహం చిన్నబోయింది. నాన్న దాన్ని కోప్పడలేదు. ఎత్తి కౌంటరు మీద కూర్చోబెట్టాడు.

"చూడు తల్లీ. మన గదిలో ఏముందో మన నోటి నుంచి ముందు రాకూడదు. వాళ్ళనే చెప్పనివ్వాలి. మనం ముందు చెప్పేస్తే, అసలు మనిషి వచ్చేసరికి వస్తువుండదు. అర్థమైందా?"

బొంగరం తలూపింది. నేను రోజూ చూసే తలూపు కాదది.

*

అప్పటి నుంచి నేను పుస్తకం పక్కన పెట్టేశాను. ప్రయాణికులు లేని వేళల్లో నేను కౌంటరు ఇవతల నిలబడేదాన్ని, బొంగరం అవతల స్టూలెక్కి నిలబడేది. నేను ఏదో ఒక వస్తువు పోగొట్టుకున్నట్టు ఇంగ్లీషులో వచ్చి అడగాలి. అది ఇంగ్లీషులోనే ఆరా తీయాలి.

"ఐ లాస్ట్ ఎ బ్యాగ్," అనేదాన్ని.

"వాట్ కలర్ ఈజ్ ది బ్యాగ్?"

మొదట్లో అదీ తడబడుతూనే. ఎ పోయి ది, ది పోయి ఎ. కానీ అక్కడ పెన్సిలు చప్పుడు లేదు. అరల్లో ఉన్న గొడుగుల్లో ఏదో ఒకటి వేరు, అక్కడ నిలబడ్డ మనిషి వెతుక్కుంటున్న ఆ గొడుగు వేరు. ఆ తేడా దానికి నేను చెప్పాల్సిన పని లేకపోయింది. రోజంతా కళ్ళ ముందు జరుగుతున్నదే.

నాన్నకి ఇంగ్లీషు రాదు. అయినా అరల మధ్య చీటీలు కడుతూ చెవి ఇటు పడేసేవాడు. "మీ పిన్ని అబద్ధం చెబుతోందేమో చూడు, ఆ మొహం చూస్తే నమ్మేలా లేదు," అని వంత పాడేవాడు. ఒకరోజు నేను చేత్తో తొండం ఆడిస్తూ ఏనుగు పోయిందన్నాను. బొంగరం కొంచెం కూడా తొణకలేదు. ఏ బస్సులో అని అడిగింది. పై ఊరి నుంచి వచ్చే ఎక్స్‌ప్రెస్ అన్నాను. ఏ సీటు కింద అంది. నాన్న నవ్వు ఆపుకోలేక చీటీల డబ్బా కింద పెట్టేశాడు.

నిజంగా పనికొచ్చిన రోజు కూడా ఒకటి వచ్చింది. మన భాష రాని పెద్దావిడ ఒకరు ఆసుపత్రికని వచ్చి, బస్సులో ఎక్స్‌రే కవరు మరిచిపోయింది. నాన్న నన్ను పిలిచాడు. నేను లేచేలోపే బొంగరం స్టూలెక్కింది. తిరగబోయి, స్టూలు మీద తిరగడానికి చోటు లేక ఆగింది.

"వాట్ డిడ్ యూ లూజ్, మేడమ్?"

"ఆన్ ఎక్స్‌రే," అందావిడ.

"హూజ్ నేమ్ ఈజ్ ఆన్ ది ఎక్స్‌రే?"

ఆవిడ భర్త పేరు చెప్పింది. మోకాలని చూపించింది. కవరు దొరికింది. వెళ్ళేముందు బొంగరం గడ్డం పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అంది. ఏమన్నదో మా ముగ్గురికీ తెలియదు. మంచి మాటే అయి ఉంటుంది.

ఇంటి దగ్గర అక్క ఇంకో పని చేస్తోంది. డ్యూటీ మార్పు గురించి సూపర్‌వైజరు ఏ సంగతీ చెప్పలేదు. సీటు వస్తుందో రాదో తెలియదు. ఏదైనా కానీ అని, ట్రంకు పెట్టెలోంచి ఒక సంచి తీసి బొంగరం గౌన్లు ఉతికి, కుట్టూడిన చోట కుట్టి, అందులో సర్దడం మొదలుపెట్టింది. రోజుకి ఒకటి రెండు. చాటుగానే చేసేది, కానీ ఉండేదే రెండు గదులు.

ఒక మధ్యాహ్నం గదిలో ఎవరూ లేరు. ఫ్యాను తిరుగుతోంది. బొంగరం తాతయ్య పక్కన కూర్చుని చీటీలకి దారం ఎక్కిస్తోంది.

"తాతయ్యా, అత్త వాళ్ళ ఊళ్ళో కూడా ఇలాంటి గది ఉంటుందా?"

"బస్సులు తిరిగే ప్రతి ఊళ్ళోనూ ఉంటుంది."

"అక్కడ ఉన్నవాళ్ళు కూడా సోమవారం సామాను ఇక్కడికి పంపిస్తారా?"

"పంపిస్తారు. చీటీ ఉంటే పంపిస్తారు."

బొంగరం ఇంకో చీటీకి దారం ఎక్కించింది. "మరి మనుషుల్ని?"

నాన్న ముడి వేస్తున్న చేయి ఆపాడు. అరల వైపు చూశాడు. అప్పుడే బయట బస్సు ఒకటి హారన్ కొట్టింది. కండక్టరు చేతిలో ఎవరిదో టోపీతో లోపలికొచ్చాడు. నాన్న ఎప్పుడూ లేనంత హడావుడిగా లేచి ఆ టోపీ అందుకున్నాడు.

*

పరీక్ష రోజు అక్క సగం రోజు సెలవు పెట్టింది. నాన్న రాలేదు. గది మూసి రావడానికి వీల్లేదు. బయలుదేరేటప్పుడు బొంగరం జుట్టు ఒకసారి సవరించి, "వెళ్ళిరా. కంగారు పడకు. మన దగ్గర ఎలా ఉంటావో అక్కడా అలాగే ఉండు," అన్నాడు.

బడి వరండాలో బెంచీల మీద తల్లులు, తండ్రులు, పిల్లలు. ఒక తండ్రి కొడుకు చేత ఎ యాపిల్ కాదురా, ఆన్ యాపిల్ అని వల్లె వేయిస్తున్నాడు. అక్క వాళ్ళ వైపు చూసి, మా వైపు చూసి, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ కూర్చుంది.

లోపలికి పిల్లతో ఒక్కరే రావచ్చన్నారు. అక్క నన్ను ముందుకు తోసింది. "నువ్వే వెళ్ళు. నాకు అర్థం కాదు."

గదిలో ఒక పొడవాటి బల్ల. దాని వెనక నెరిసిన జుట్టు టీచరుగారు. కళ్ళజోడుకి కట్టిన తాడు మెడలో వేలాడుతోంది. పక్కన ఆఫీసు క్లర్కు పేర్ల మీద టిక్కులు పెడుతోంది. బల్ల మీద బొంగరం పరీక్ష కాగితం, దాని మీద టీచరుగారి సంతకం పడితేనే సీటు. టీచరుగారు నన్ను గోడ పక్క కుర్చీలో కూర్చోమని, బొంగరాన్ని తన ముందు నిలబెట్టుకుంది. పెద్ద అట్ట ముక్క ఒకటి దాని చేతికిచ్చింది. వానలో సంత వీధి బొమ్మ. నేను కూర్చున్న చోటికి బాగానే కనబడుతోంది. ఎర్ర గొడుగు కింద ఒక అమ్మాయి, బెంచీ కింద కుక్క, బుట్టలో నారింజపళ్ళు, గోడకి ఆనించిన సైకిలు.

"వాట్ డూ యూ సీ ఇన్ ది పిక్చర్?"

బొంగరం బొమ్మ వైపు చూసింది. బొమ్మని గుండెలకి ఆనించుకుంది. మడమ మీద ఒక చుట్టు తిరిగింది. ఆగింది. నోరు తెరవలేదు.

"టెల్ మి. వాట్ ఈజ్ దేర్?"

ఇంకో చుట్టు. మాట లేదు.

నా నాలుక చివర అన్నీ ఉన్నాయి. ఎ గర్ల్. ఆన్ అంబ్రెల్లా. ఎ డాగ్. ఒక్కటంటే ఒక్కటి అను తల్లీ అని లోపల్లోపల మొత్తుకుంటున్నాను. కిటికీ ఊచల్లోంచి అక్క చేయి కనబడుతోంది. కొంగు ఇంకా వేలికే చుట్టి ఉంది. ఇంట్లో గోడ పక్కన ఉన్న సంచి గుర్తొచ్చింది. గౌన్లన్నీ అందులోకి చేరిపోయాయి. ఇక జిప్పు వేయడమే మిగిలింది.

"బయట ఇంకా చాలామంది ఉన్నారు మేడమ్," అంది క్లర్కు. "ఈ పిల్ల దరఖాస్తు రోజు కూడా ఇంతే."

టీచరుగారు బొంగరం వైపు ఒకసారి చూసింది. చేతిలో ఉన్న కలానికి మూత పెట్టింది. దాన్ని బల్ల మీద పక్కకి జరిపింది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, వెనక్కి ఆనుకుని కూర్చుంది. అంతే. అడగలేదు, అందివ్వలేదు, నవ్వి బుజ్జగించనూ లేదు. ఇంక ఆ రోజుకి తనకి వేరే పనే లేనట్టు కూర్చుంది.

బయట ఎవరో పిల్లాడు దగ్గాడు. వరండాలో కుర్చీ ఈడ్చిన చప్పుడైంది. ఆవిడ కదల్లేదు.

చివరికి బొంగరం మన భాషలోనే అంది, చాలా నెమ్మదిగా. "ముందు మీరే చెప్పాలి."

క్లర్కు తల పైకెత్తింది. ఆ క్షణంలో నాకు అర్థమైంది అది ఎందుకు మాట్లాడటం లేదో. దాని చేతిలో ఉన్నది తాళం వేసిన గది. ఎదురుగా ఉన్నది కొత్త మనిషి. ఏముందని అడుగుతోంది. ఇస్త్రీ చొక్కా ఆయన కూడా సరిగ్గా అలాగే అడిగాడు.

"మేడమ్, మా నాన్నగారు బస్‌స్టేషన్లో..." అని లేవబోయాను.

టీచరుగారు నా వైపు చూడకుండానే అరచేయి ఎత్తి ఆపింది. కళ్ళు బొంగరం మీదే ఉన్నాయి.

"ఏం చెప్పాలి నేను?"

"ఏం పోయిందో."

టీచరుగారు ఒక్క క్షణం ఆలోచించింది. కుర్చీ కొంచెం వెనక్కి జరుపుకుని, బొమ్మ తనకి కనబడకుండా కూర్చుంది. గొంతు సవరించుకుని, నిజంగానే ఏదో పారేసుకున్న మనిషిలా అంది.

"ఐ లాస్ట్ ఆన్ అంబ్రెల్లా."

బొంగరం నిటారుగా నిలబడింది. తిరగలేదు. "వాట్ కలర్ ఈజ్ ది అంబ్రెల్లా, మేడమ్?"

"బ్లాక్."

"మెనీ అంబ్రెల్లాస్ ఆర్ బ్లాక్. టెల్ మి ఎబౌట్ ది హ్యాండిల్."

టీచరుగారి పెదవుల చివర ఏదో కదిలింది గానీ బయటికి రానివ్వలేదు. "ఎ వుడెన్ హ్యాండిల్. విత్ ఎ స్మాల్ క్రాక్."

బొంగరం బొమ్మని కొంచెం వాల్చి, ఆవిడకి కనబడకుండా లోపలికి చూసుకుంది. మూల మూలా చూసింది. ఉన్నది ఎర్ర గొడుగు. ఆ సంగతి దాని నోటి నుంచి రాలేదు. "సారీ, మేడమ్. ది అంబ్రెల్లా ఈజ్ నాట్ హియర్. ప్లీజ్ కమ్ ఆన్ మండే."

క్లర్కు నోటికి చేయి అడ్డం పెట్టుకుంది. టీచరుగారు మాత్రం బాధపడ్డట్టే తలూపింది. "ఐ ఆల్సో లాస్ట్ ఎ డాగ్," అంది.

"ఈజ్ ఇట్ ఎ ఓల్డ్ డాగ్?"

"యెస్. ఆన్ ఓల్డ్ డాగ్," అందావిడ, ఆ మాటని ఒక రవ్వ నెమ్మదిగా పలికి.

"ఆన్ ఓల్డ్ డాగ్," అంది బొంగరం తనలో తను, దాన్ని సరిగ్గా అరలో పెట్టుకుంటున్నట్టు. "వేర్ డిడ్ యూ లూజ్ ది డాగ్?"

"ఇన్ ఎ మార్కెట్. ఇట్ వజ్ రెయినింగ్. ది డాగ్ ఈజ్ బ్రౌన్, అండ్ ఇట్ డజ్ నాట్ లైక్ ది రెయిన్."

బొంగరం మళ్ళీ బొమ్మలోకి చూసింది. ఈసారి మొహం విచ్చుకుంది. రెండడుగులు ముందుకు వేసి, బొమ్మని బల్ల మీద ఆవిడ ముందు పెట్టి, వేలుతో చూపించింది. "ది డాగ్ ఈజ్ అండర్ ది బెంచ్. టేక్ ది డాగ్, మేడమ్." తర్వాత పక్కనే ఉన్న తన పరీక్ష కాగితాన్ని ఆవిడ వైపు జరిపింది. "సైన్ హియర్."

టీచరుగారు కలం మూత తీసి, సంతకం పెట్టింది.

*

బయటికి వచ్చేసరికి అక్క గుమ్మానికి అడ్డంగా నిలబడి ఉంది. "ఏమైందే? కుక్క కుక్క అని వినబడింది. కుక్కేంటి?"

"ఇచ్చేశాను," అంది బొంగరం. "అది ఆవిడదే."

అక్క నా మొహం చూసింది. నేను తలూపాను. అక్క అక్కడే వరండా మెట్టు మీద కూర్చుండిపోయి, కూతుర్ని కాళ్ళ మధ్యకి లాక్కుని, దాని జడ విప్పి మళ్ళీ అల్లింది. చక్కగా ఉన్న జడే.

ఆ సాయంత్రం ఫోనులో బావ అడిగాడు. "ఏమడిగారంట?"

"ఏమీ అడగలేదు. ఇదే అడిగింది," అంది అమ్మ వెనక నుంచి. "ది అల్లుడుగారూ, వచ్చి సంతకాలు పెట్టండి. పిల్ల ఎటూ వెళ్ళట్లేదు."

నాన్నకి సంగతంతా బొంగరమే చెప్పింది. ఆయన పూర్తిగా విని, ఒకటే ప్రశ్న వేశాడు. "కుక్క రంగు ఆవిడే చెప్పిందా, నువ్వు చెప్పావా?" ఆవిడే అని బొంగరం అంది. నాన్న సరే అన్నట్టు తలూపి, మొహం కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళాడు. చాలాసేపు కడుక్కున్నాడు.

చెప్పుకున్న పనులన్నీ ఆ వేసవిలో అవ్వలేదు. వంటింటి రేకు వానలు మొదలయ్యాకే మార్పించాం. అక్క డ్యూటీ మారింది, బొంగరం బడి నుంచి వచ్చేసరికి ఇంట్లో ఉండేది. సంచిలోంచి గౌన్లు తీసి కొక్కేలకి తగిలిస్తూ ఒక్కోటి చూసి, ఇది పొట్టిదైపోయింది, ఇది కూడా పొట్టిదైపోయింది అని ఎంతో సంతోషంగా గొణుక్కుంది. నేను టైపు క్లాసు సగంలో వదిలేసి టీచరు ట్రైనింగుకి దరఖాస్తు పెట్టాను. ఎందుకని ఇంట్లో ఎవరూ అడగలేదు.

ఇప్పుడు నాకూ ఒక క్లాసు ఉంది. చిన్న పిల్లలు. ఎ, ఆన్, ది చెప్పే రోజులు ఏటా వస్తాయి. ప్రశ్న అడగగానే చేతులెత్తేవాళ్ళు ఎప్పుడూ ఉంటారు. ఎత్తనివాళ్ళు కూడా ఉంటారు. అప్పుడు నేను చేతిలో ఉన్న సుద్దముక్క కింద పెట్టేసి కూర్చుంటాను. పక్క క్లాసు టీచరు కిటికీలోంచి చూసి, పాఠం ఆగిపోయిందేమిటని అడుగుతుంది. ఆగలేదని చెబుతాను.

ఆ నెరిసిన జుట్టు టీచరుగారిని నేను మళ్ళీ చూడలేదు. బడి తెరిచాక కృతజ్ఞత చెప్పుకుందామని వెళితే, ఆవిడ ఆ వేసవితో రిటైరై కూతురి దగ్గరికి వెళ్ళిపోయారని క్లర్కు చెప్పింది. ఒక పిల్ల ఈ ఇంట్లోనే ఉండి పెరగడానికి తను ఏం చేసిందో ఆవిడకి తెలిసే దారి లేదు. అందుకే ఇది రాస్తున్నాను. మీ ఎదురుగా ఎవరైనా చిన్నపిల్ల జవాబు చెప్పకుండా నిలబడితే, ఆ జవాబు మీ నోటి దాకా వచ్చేస్తే, ఒక్క క్షణం ఆగండి. కలానికి మూత పెట్టి, వెనక్కి ఆనుకుని కూర్చున్న ఆ టీచరుగారిని ఒకసారి తలుచుకోండి.